ఇసుకే ఇల్లైన సర్పములు

ఐగుప్తు విడిచి వచ్చిన ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు తిరిగిన అరణ్యము ఎటువంటిదో, ప్రయాణము ముగిసే వేళ మోషే వారికి జ్ఞాపకము చేశాడు. అక్కడ పాములు ఉన్నాయి, తేళ్లు ఉన్నాయి, త్రాగుటకు నీళ్లు మాత్రము లేవు అన్నాడు (ద్వితీ. 8:15). మన్నా కురియకపోతే, బండలోనుండి నీళ్లు రాకపోతే ఆ జనమంతా అక్కడే నశించిపోయేవారు. కాని వారు రాకముందు, వారు వెళ్లిన తరువాత, నేటికిని ఆ ప్రాంతములో పాములు తరతరములుగా బ్రతుకుతున్నాయి. వాటికి గుడారము లేదు, బావి లేదు, కాళ్లు లేవు, చేతులు లేవు. మరి ఎలా బ్రతుకుతున్నాయి?

ఇది ఆదివారపు బడి పిల్లలు అడిగే ప్రశ్న. పెద్దలమైన మనము కూడా దీనిని గూర్చి ఆలోచిస్తే మన విశ్వాసమునకు మేలు కలుగుతుంది. అందుకని ఈ నెల మేము మూడు ఇసుక పాములను మీ ముందుకు తెస్తున్నాము. మొదటిది బైబిలు దేశములలోనిది. రెండవది ఆఫ్రికా ఖండపు నైరుతి తీరములోని నమీబ్ ఎడారిది. మూడవది రాజస్థాన్‌లోని థార్ ఎడారిలోను, మన మెట్ట ప్రాంతములలోను కూడా ఉన్నది. ఈ మూడవదాని విషయములో మన కుటుంబములకు ఒక హెచ్చరిక చెప్పవలసి ఉన్నది.

పైన పొయ్యి, క్రింద చల్లదనము

ఎడారిలో వేసవి మధ్యాహ్నము ఇసుక పైభాగపు వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పాము మనవలె తన ఒంటి వేడిని ఒకే తీరుగా నిలుపుకొనలేదు. చుట్టూ ఉన్న వేడిని బట్టి దాని ఒళ్లు వేడెక్కుతుంది, చల్లబడుతుంది. కాబట్టి అటువంటి ఇసుక మీద కొద్దిసేపు చిక్కుకొన్నా అది చచ్చిపోతుంది.

అయితే కొంచెము లోతుకు పోతే సంగతి వేరు. ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది గనుక పై వేడి త్వరగా లోపలికి దిగదు. వేసవిలో ఏటి ఇసుక మీద కాళ్లు కాలుతుంటే పిల్లలు పాదములను లోపలికి గుచ్చుకొని నిలబడతారు. లోపల చల్లగా ఉంటుందని వారికి ఎవరూ నేర్పలేదు. ఎడారి పాము చేసే పని కూడా అదే. ఎండ ముదరక మునుపే ఇసుకలోకి దిగి, ప్రొద్దు గ్రుంకిన తరువాత బయటికి వస్తుంది. చీకటి పడగానే తిరిగే జంతువులను గూర్చి, సూర్యుడు ఉదయించగానే అవి తమ చోట్లకు మరలిపోవుటను గూర్చి 104వ కీర్తన చెప్పిన క్రమము ఇక్కడ మన కండ్లకు కనబడుతున్నది.

ఇసుకలో బ్రతకాలంటే ఒళ్లు దానికి తగినట్టు ఉండాలి. ఇసుకను తవ్వే పాముల మూతి చాలావాటికి నాగలి కర్రువలె ముందుకు సన్నగిలి ఉంటుంది. క్రింది దవడ పై దవడకు కొంచెము వెనుకగా, పెట్టెకు మూత పట్టినట్టు లోపలికి అమరి ఉంటుంది. అందువలన తల ఇసుకను చీల్చుకొని పోతున్నా నోటిలోకి ఇసుక పోదు. పాముకు కనురెప్పలు లేవు. వాటికి బదులు అద్దమువంటి ఒక పొర కంటిని ఎల్లప్పుడు కప్పి ఉంటుంది. కుబుసము విడిచినప్పుడు ఆ పొర కూడా ఊడి క్రొత్తది వస్తుంది. ఇసుక గీరిన అద్దము పోయి క్రొత్త అద్దము వచ్చినట్టే!

పాముకు బయటికి కనిపించే చెవులు కూడా లేవు. ఉంటే ఇసుకతో నిండిపోయేవి. దాని లోపలి చెవికి దవడ ఎముకతో సంబంధము ఉన్నది. దవడ నేలకు ఆనించి పడుకొంటే, దూరమున పరుగెత్తే ఎలుక అడుగుల అదురు ఆ ఎముకగుండా లోపలికి చేరుతుంది. సహారా ఎడారి ఇసుక పాములను పరీక్షించి 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చూపు, వాసన అందకుండా చేసినా అవి ఎలుక ఉన్న వైపు గురి చూచి కాటు వేయగలిగాయని తేలింది.

ఇక్కడ ఒక సందేహము తీర్చాలి. ఆదికాండము 3:14లో సర్పము మన్ను తింటుందని ఉన్నది గదా, ఈ పాములు ఇసుక తిని బ్రతుకుతాయా అని కొందరు అడుగుతారు. ఏ పామునకును మన్ను ఆహారము కాదు. అన్ని పాములును ఇతర జీవులనే మ్రింగి బ్రతుకుతాయి. మన్ను తినుట, మన్ను నాకుట అనేది పరిశుద్ధ గ్రంథములో ఓటమికి, అవమానమునకు గుర్తు. మీకా 7:17లో ఓడిపోయిన జనములను గూర్చి కూడా ఇదే మాట వాడబడింది. ఆ శాపము మోసగాడైన సాతాను పతనమును చూపిస్తున్నదే గాని, పాము ఏమి తింటుందో చెప్పే పాఠము కాదు.

దారిలో పొంచియుండే కొమ్ముల పాము

సీనాయి, నెగెబు ప్రాంతములు మొదలుకొని ఉత్తర ఆఫ్రికా ఎడారులవరకు కొమ్ముల పాము కనబడుతుంది. ఇది మన పింజరి జాతిది, విషము గలది. సాధారణముగా 30 నుండి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. చాలావాటికి ప్రతి కంటిపైన ముల్లువంటి ఒక కొమ్ము ఉంటుంది. కొమ్ములు లేనివి కూడా కొన్ని ఉంటాయి. ప్రాచీన ఐగుప్తీయులు తమ బొమ్మల లిపిలో 'ఫ' ధ్వనికి ఈ పాము బొమ్మనే అక్షరముగా వ్రాసేవారు. ఐగుప్తు విద్యలన్నీ నేర్చిన మోషే (అపొ. 7:22) ఈ అక్షరమును ఎరిగియుండునని మనము అనుకొనవచ్చును.

ఈ పాము తల ముందు పెట్టి ఇసుకలోకి దూరదు. ఉన్నచోటనే ప్రక్కటెముకలను వెడల్పుచేసి, ఒంటిని అటు ఇటు కదుపుతూ, ప్రక్కలనున్న గరుకు పొలుసులతో ఇసుకను పారవలె ఎత్తి వీపు మీదికి పోసికొంటుంది. చూస్తుండగానే మునిగిపోతుంది. కండ్లు, ముక్కు మాత్రము పైకి ఉంటాయి. అలాగే కదలక మెదలక ఎలుక కొరకో బల్లి కొరకో కనిపెట్టుకొని ఉంటుంది. ఎవరైనా దగ్గరకు వస్తే ఆ గరుకు పొలుసులనే ఒకదానితో ఒకటి రాచి, రంపము కోసినట్టు చప్పుడు చేసి బెదిరిస్తుంది. ఒకే పొలుసు త్రవ్వుటకు పార, హెచ్చరించుటకు గంట!

యాకోబు తన కుమారులను దీవించే వేళ దానును దారిలో పొంచి గుఱ్ఱపు మడమను కరిచే పాముతో పోల్చాడు (ఆది. 49:17). మన తెలుగు బైబిలులో అక్కడ కట్లపాము అని ఉన్నది. కాని కట్లపాము పాలస్తీనా దేశములో లేదు. మన పెద్దలు తెలుగువారు ఎరిగిన పాము పేరు పెట్టి మనకు అర్థమయ్యేటట్లు చేశారు. యాకోబు మనస్సులో ఉన్నది ఈ కొమ్ముల పామే అయి ఉండవచ్చునని చాలామంది వ్యాఖ్యానకర్తలు తలంచారు. దారి ఇసుకలో కండ్లవరకు మునిగి, గుఱ్ఱపు డెక్క పడేవరకు కనబడని పాము అది. దాను పెద్ద శత్రువును ఎలా పడగొట్టునో చెప్పుటకు అంతకంటె సరియైన పోలిక దొరకదు.

ఈ పాము నడక కూడా వింతయైనదే. జారిపోయే ఇసుక మీద మామూలుగా ప్రాకితే పట్టు దొరకదు. అందుచేత ఇది ప్రక్కవాటుగా పోతుంది. ఒంటిలో ఒకటి రెండు చోట్లు మాత్రమే నేలకు ఆనించి, మిగిలిన భాగమును ఎత్తి ముందుకు వేస్తుంది. అది పోయిన తరువాత ఇసుక మీద ఒకదాని ప్రక్క ఒకటిగా, విడివిడిగా, ఏటవాలు గీతలు కనబడతాయి. బండ మీద పాము జాడ తనకు బోధపడలేదని ఆగూరు ఆశ్చర్యపడ్డాడు (సామె. 30:18, 19). ఇసుక మీద దాని జాడ చూచినవారికి కూడా ఆశ్చర్యము తగ్గదు.

పొగమంచు త్రాగే పాము

ఇప్పుడు సీనాయి నుండి దూరముగా, ఆఫ్రికా ఖండపు మరొక కొనకు వెళ్దాము. ఎడారిలో నీళ్లు ఎలా అన్న ప్రశ్నకు మంచి జవాబు అక్కడ దొరుకుతుంది. నమీబ్ ఎడారి అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఉన్నది. వానలు బహు తక్కువ. అయితే ఆ తీరమున చల్లని సముద్ర ప్రవాహము ఒకటి పారుతుంది గనుక తరచుగా దట్టమైన పొగమంచు లేచి ఇసుక దిబ్బల మీదికి వస్తుంది.

అక్కడ పెరింగ్వే పింజరి అనే చిన్న పాము ఉన్నది. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటె కొంచెము ఎక్కువ. మామూలు పాములకు కండ్లు తలకు ప్రక్కలను ఉంటే దీనికి నడినెత్తిన ఉంటాయి. ఒళ్లంతా ఇసుకలో దాచుకొని, ఆ రెండు కండ్లు మాత్రము పైకి పెట్టి చూస్తుంది. తోక కొనను కూడా పైకి పెట్టి పురుగు కదిలినట్టు ఆడిస్తుంది. పురుగని భ్రమపడి దగ్గరకు వచ్చిన బల్లి దాని నోట పడుతుంది. ఈ పామునకు కావలసిన నీరు చాలావరకు ఆ బల్లి శరీరములోనిదే. మిగిలినది పొగమంచు ఇస్తుంది. మంచు వచ్చిన వేళ పాము ఒంటిని వెడల్పుగా పరచుకొని ఉంటుంది. దాని పొలుసుల మీద మంచు బొట్లు బొట్లుగా నిలుస్తుంది. తల త్రిప్పి తన ఒంటి మీది బొట్లను తానే త్రాగుతుంది.

వచ్చిన నీటిని పోగొట్టుకొనకుండుట కూడా పాములకు తెలుసు. మనవలె చెమట పోయదు. ఒంటిలోని మలినమును ఎక్కువ నీటితో విసర్జింపక తెల్లని ముద్దగా విడుస్తుంది. ఒక ఎలుకయో బల్లియో దొరికితే చాలా రోజులు మరి ఆహారము లేకుండా ఉండగలదు. కొద్దిపాటితో తృప్తిగా బ్రతుకుట మనము ఈ జీవుల దగ్గర కూడా నేర్చుకొనవచ్చును.

మన నేలలోని 'రెండు తలల పాము'

మూడవది మీలో చాలామంది ఎరిగినదే. థార్ ఎడారిలోను, మన రెండు తెలుగు రాష్ట్రములలోని వదులైన మెట్ట నేలలలోను ఉండే ఎర్ర ఇసుక పామును మన ప్రజలు 'రెండు తలల పాము' అంటారు. ఎరుపు, గోధుమ రంగు కలిసిన నున్నని ఒళ్లు. తల, మెడ, నడుము అన్నీ ఒకే లావు. సాధారణముగా మీటరు పొడవు కూడా ఉండదు. దీనికి విషము లేదు. ఎలుకను చుట్టుకొని బిగించి చంపి తింటుంది. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. రాత్రివేళ ఎలుక కన్నములు వెదకుతుంది గనుక రైతుకు కూలి అడుగని కాపరి వంటిది.

దీనికి రెండు తలలు లేవు. తోక కొన మొద్దుగా, తలవలె కనబడుతుంది, అంతే. శత్రువు మీదికి వస్తే ఇది తలను చుట్టల క్రింద దాచుకొని తోకను పైకి చూపిస్తుంది. శత్రువు తోకను కరిస్తే ప్రాణము దక్కుతుంది. కోరలలో విషము లేని ఈ సాధువైన జీవికి దేవుడు ఇచ్చిన రక్షణ అదే. ఆరు నెలలు ఒక తల వైపు, ఆరు నెలలు రెండవ తల వైపు నడుస్తుందనుట కట్టుకథ. కొందరు పాములవాళ్లు తోక మీద గాట్లు పెట్టి, కండ్లు, నోరు ఉన్నట్టు చేసి జనమును నమ్మించేవారు.

ఈ పామునకు ఒక మిషనరీ పేరు ఉన్నదని తెలిస్తే మన పాఠకులు సంతోషిస్తారు. స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దము చివర విశాఖపట్నములో నివసించి, కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. వాటిని గూర్చిన తన గ్రంథమును 1796లో ప్రచురించాడు. అందులో 'కాటుక రేకుల పొడ' వంటి మన తెలుగు పేర్లను కూడా వ్రాసిపెట్టాడు. ఆ కాటుక రేకుల పొడయే మనము రక్తపింజరి అనేది. దానికి ఇంగ్లీషువారు ఆయన పేరే పెట్టారు. ఈ ఎర్ర ఇసుక పామును 1801లో శాస్త్రలోకమునకు తెలియజేసినది కూడా రస్సెలే. దానికి ఆయన తరంగంబాడిలో పరిచర్య చేసిన రెవరెండ్ క్రిస్టాఫ్ సామ్యూల్ జాన్ పేరు పెట్టాడు. జాన్ అయ్యగారు జర్మనీ దేశస్థుడు. 1771లో వచ్చి 1813లో కన్నుమూసేవరకు ఆ మిషనులో సేవ చేశాడు. ఒక చేతిలో వాక్యము, రెండవ చేతిలో దేవుని సృష్టిని పరిశీలించే ఓర్పు గలవాడు. నేటికిని ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు ఈ పామును 'ఎరిక్స్ జానీ' అనే పిలుస్తున్నారు.

ఇత్తడి సర్పము నేర్పిన పాఠము

ఇప్పుడు మేము చెప్పవలసిన హెచ్చరిక. ఈ పాము ఇంట్లో ఉంటే ధనము వస్తుందని, గుప్తనిధులు చూపిస్తుందని, నయముకాని జబ్బులు కుదురుస్తుందని ఒక అబద్ధము చాలా కాలముగా పల్లెలలో తిరుగుతున్నది. బరువు ఎంత ఎక్కువైతే ధర అంత ఎక్కువని, లక్షలు కోట్లు పలుకుతుందని దళారులు చెప్తారు. ఆ మాట నమ్మి అప్పులు చేసి బయానా ఇచ్చినవారు, పాము పట్టి అమ్మబోయి పట్టుబడినవారు ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రములలోను పోలీసులు, అటవీ అధికారులు ఇటువంటి ముఠాలను పలుమార్లు పట్టుకొన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పామును పట్టుట, అమ్ముట, ఇంట్లో ఉంచుకొనుట నేరము. జైలు శిక్ష, జరిమానా రెండును పడతాయి. ఇన్ని కోట్లు తెచ్చే పామే అయితే, దానిని పట్టిన మనుష్యుడు ఇంకొకరికి ఎందుకు అమ్ముకొంటాడో ఒక్కసారి ఆలోచించండి.

ఇది విశ్వాసులకు సంబంధించినది కాదు అనుకొనవద్దు. అరణ్యములో మోషే ఎత్తిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞవలన చేయబడినది. దానిని చూచినవారు బ్రతికారు. మన ప్రభువు సిలువకు అది సాదృశ్యము కూడా (యోహాను 3:14). అంతటి వస్తువును ఇశ్రాయేలీయులు వందల సంవత్సరములు దాచిపెట్టుకొని, దానికి ధూపము వేయుటకు దిగజారారు. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు ముక్కలుగా పగులగొట్టించాడు (2 రాజులు 18:4). దేవుని ఏర్పాటు చొప్పున చేసిన పాము ప్రతిమనే ఆశ్రయముగా పెట్టుకొనకూడదంటే, పొలములో ఎలుకలు పట్టుకొని బ్రతికే ఒక పామును అదృష్ట దేవతగా చేసికొనవచ్చునా? సృష్టికర్తను విడిచి సృష్టిని సేవించుట అంటే ఇదే (రోమా. 1:25). విగ్రహము గుడిలోనే ఉండాలని లేదు, గోనెసంచిలో కూడా ఉండగలదు.

ఇంకొకవైపు భయము కూడా తప్పే. ఇసుక పాము నాకితే కుష్ఠు వస్తుందని కొన్నిచోట్ల చెప్పుకొంటారు. అందులో నిజము లేదు. అంత మాత్రమున పాములను ముట్టుకొమ్మని మేము చెప్పుట లేదు. ఇసుక పాములలో గరుకు పొలుసులు గల మరొక రకము ఉన్నది. దాని మచ్చలు రక్తపింజరి మచ్చలను పోలి ఉంటాయి. ఇసుక పాము అనుకొని రక్తపింజరిని పట్టుకొంటే ప్రాణము పోతుంది. గనుక ఏ పామైనా సరే దూరముగా నిలిచి దారి ఇవ్వండి. ఇంట్లోకి వస్తే అటవీశాఖకు కబురు చేయండి.

మన దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటువలన సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏటా 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనము అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది పల్లె ప్రజలే. రాత్రి బయటికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, కాళ్లకు చెప్పులు మరువవద్దు. కాటు పడితే కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట చేయవద్దు. మంత్రగాని కొరకు తిరిగి గడియలు పోగొట్టుకొనవద్దు. కరిచిన కాలిని చేతిని కదపకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. ప్రార్థన దారిలో కూడా చేయవచ్చును. వైద్యము కూడా దేవుని వరమే.

ఇసుక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని ప్రభువు చెప్పాడు (మత్తయి 7:26). పామునకు మాత్రము ఆ ఇసుకే కోట, ఎందుకంటే దాని మూతిని, కంటిని, పొలుసును ఇసుకకొరకే అమర్చినవాడు దేవుడు. మనలను ఆయన ఇసుకకొరకు చేయలేదు. తన మాట అనే బండ మీద నిలుచుటకు చేశాడు. ఈసారి మీ చేనులో ఆ ఎర్ర పాము కనబడితే పిల్లలను దూరముగా నిలబెట్టి చూపించండి. దానిని చేసినవానిని స్తుతించి, దాని దారిన దానిని పోనివ్వండి.